శనివారం ఇనుము

నాగలమడికలో బస్సులు ఆగేచోట, బేకరీ పక్కన నా అంగడి. జెరాక్సు, ఆన్‌లైన్ అర్జీలు, పాస్‌పోర్టు ఫోటోలు, పెన్నులు, స్టేప్లర్ పిన్నులు. శనివారం నాడు స్టేప్లర్ పిన్నులు అమ్ముడుపోవు. ఎంత చిన్నవైనా ఇనుమే కదా! పక్కనే పావగడలో శనిమహాత్ముడు కూర్చుని ఉన్నాడు. ఆయన రోజున, ఆయన లోహాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకునే ధైర్యం మా తాలూకాలో ఎవరికీ లేదు. కొడవలి కొనరు, గడ్డపార కొనరు, మేకు కొనరు. హైస్కూలు పిల్లలు కాంపాస్ బాక్సు కూడా శుక్రవారమే కొనిపెట్టుకుంటారు. ఇన్నేళ్లూ దీన్ని చూసి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. రామాంజినమ్మ సంగతి వింటే మీకూ రాదు.

నేనూ రామాంజినమ్మా హైస్కూల్లో ఒకే బెంచీ. ఆమెది రాయచెర్లు, మెట్టినిల్లు కూడా ఆ ఊరే. మొగుడు హనుమంతరాయ ట్రాక్టరు డ్రైవరు. సొంత ట్రాక్టరు కాదు, ఊళ్లో ఎవరు పిలిస్తే వాళ్లది తోలేవాడు. నాలుగెకరాల మెట్ట ఉండేది. సోలార్ పార్కు వచ్చాక ఊరి పొలాలన్నిటితో పాటు అదీ గుత్తకు పోయింది. ఏడాదికొకసారి గుత్త డబ్బు వస్తుంది, వచ్చినట్టే పోతుంది. దున్నే నేలే లేని ఊళ్లో ట్రాక్టరు డ్రైవరుకు పనేముంటుంది? హనుమంతరాయ కంచె పక్కన కూర్చుని ప్యానెళ్లను చూస్తూ బీడీలు కాల్చడం మొదలుపెట్టాడు. మనిషి మంచివాడే. తాగడు, తిట్టడు. ఏ పని చెప్పినా రేపు చేద్దాంలే అంటాడు, అంతే. ఆ రేపుతో వేగలేక రామాంజి ఆరేళ్ల కిందట మస్కట్‌లో ఒక ఇంటికి వంటమనిషిగా వెళ్లింది.

అక్కడ ఆమెకు వేలాల పిచ్చి పట్టింది. పిచ్చి అన్నది నేను, ఆమె దాన్ని పని అనేది. ఆ దేశంలో ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు పాత సామాను ఫోన్‌లోనే వేలం పెడతారట. పక్కింట్లో పనిచేసే శ్రీలంక ఆమె నేర్పించింది. మొదట ఒక మిక్సీ కొంది. తర్వాత చక్రాలున్న పెద్ద ఎర్ర సూట్‌కేసు కొంది. "ఊరికి వచ్చేసే పొద్దుకు ఉండనీలే," అని మంచం కిందికి తోసింది. ఆ తర్వాత ఆమె కళ్లు కాఫీ కూజాల మీద పడ్డాయి. పొడుగు ముక్కున్న ఇత్తడి కూజాలు, మసిబారి నల్లగా, పెట్టెకు ఆరేడు చొప్పున అడిగేవాడు లేక పడి ఉండేవట.

"వీళ్లకి ఇత్తడి తోమేది తెలీదే వినుతా," అని ఒకరోజు ఫోన్లో ఒకటే నవ్వు. "ఏందో మందు పోసి తుడుస్తారు. నాకు మనూరి చింతపండు పంపియ్యే."

ఎవరో ఆ దేశం వెళుతుంటే రెండు కిలోలు పంపించాను. చింతపండులో ఉప్పు కలిపి పట్టించి, కొబ్బరి పీచుతో తోమి, కిటికీ దగ్గర పొద్దుటి ఎండలో ఫోటో తీసి మళ్లీ వేలానికి పెట్టేది. కొన్న ధరకు మూడింతలు వచ్చేది. ఇంటి మేడం తప్పు పట్టలేదు. తన కూజాలు కూడా తెచ్చి ముందు పడేసింది, ఊరికే తోమిపెట్టమని. పెద్దవాళ్లు పెద్దవాళ్లే.

వేలంలో రామాంజిది ఒకటే నియమం. మొదలు కాకముందే, ఎంతదాకా పోవాలో ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకునేది. పాట ఆ అంకె దాటితే ఫోన్ బోర్లించి పనిలోకి పోయేది. అది వాళ్ల నాన్న దగ్గర నేర్చింది. మా వైపు వేలాన్ని హరాజు అంటారు. ఏటా పంచాయతీ వాళ్లు రోడ్డు పక్క చింతచెట్లను హరాజు వేస్తారు. అక్కడ పాట పాడేవాళ్లు ఎదురెదురుగా నిలబడతారు. ఎవరికెంత అవసరమో మొహం మీదే కనిపిస్తుంది. అయినవాళ్లయితే ఒకరు వెనక్కి తగ్గుతారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పళ్లెం మీద కొడతారు, అయిపోతుంది. ఫోన్‌లో మొహాలుండవు, ఉత్త నంబర్లే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ ఏడాది పార్కులో ఒక కంపెనీ, ప్యానెళ్లు కడిగే పనిని బయటివాళ్లకు ఇవ్వాలనుకుంది. సొంత ట్యాంకరు ఉన్నవాళ్లు నెలాఖరులోగా అర్జీ పెట్టుకుంటే ఏడాదిపాటు పని. కంపెనీకి ఇక అక్కరలేని ట్రాక్టరును, దాని నీళ్ల ట్యాంకరుతో సహా, ఆన్‌లైన్ వేలానికి పెట్టింది. ఈ రెండు నోటీసులనూ నా అంగడి గోడకు అంటించింది నేనే. ఫోటో తీసి రామాంజికి పంపిందీ నేనే.

అదే నెలాఖరుకు ఆమె వీసా గడువు తీరిపోతోంది. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని మేడం వెంటపడుతోంది. రామాంజి వెళ్లేటప్పటికి కూతురు ధనుశ్రీకి పాలపళ్లు ఊడుతున్నాయి. ఇప్పుడు ఎనిమిదో తరగతి.

"ఆ ట్రాక్టరు చిక్కితే నేను సంతకం పెట్టనే," అంది రామాంజి. "వచ్చేస్తా. మా ఆయప్ప బండి తోల్తాడు, తక్కింది నేను చూసుకుంటా. చిక్కలేదంటే ఇంగా రెండేండ్లు ఈడనే. అంతే కత."

హనుమంతరాయ బుధవారం కంపెనీ యార్డుకు వెళ్లి బండి చూసి వచ్చాడు. ఆ మాత్రం పని అతనికి బాగా తెలుసు. సీటెక్కి, స్టార్ట్ చేసి, చెవి ఒగ్గి విన్నాడు. "ఇంజన్ బాగుండాది. టైర్లు రెండు మార్చల్ల, అంతే," అని వీడియో పంపాడు. స్టీరింగు మీద చేతులు వేసుకుని అందులో నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో అని రామాంజి ఆ వీడియో నాకు రెండుసార్లు పంపింది. ఒకసారి పంపిన సంగతి మరిచిపోయి.

ఆమె పేరు వేలంలో ఎక్కించింది నేను. అడ్వాన్సు కట్టింది ఆమె. ఆరేళ్ల వంటా కూజాలూ కలిపి చేతిలో ఐదు లక్షలున్నాయి. పన్ను పోగా నాలుగు లక్షల ఇరవై వేల దాకా పాడొచ్చని ఇద్దరం లెక్కవేశాం. "అరచేతిలో రాసుకో," అన్నాను. "అప్పుడే రాసినాలే," అంది.

వేలం శుక్రవారం జరగాలి. గురువారం పొద్దున మెయిల్ వచ్చింది: సర్వర్ మరమ్మతు వల్ల శనివారానికి మార్చాం, పన్నెండు గంటలకు మొదలు. రామాంజి అది చదివి, సరే అనుకుంది. మొగుడికి చెప్పింది. మొగుడు కూలబడ్డాడు.

"శనివారం ఇనుమా! ఒద్దు రామాంజీ," అన్నాడట. "అంత బండి, నిలువెత్తు ఇనుము. తెచ్చుకుంటే ఆ శనిమహాత్ముణ్ని చెయ్యి పట్టుకోని ఇంట్లోకి పిల్చుకొచ్చినట్లే."

"అయితే పోయి కంపెనీవాళ్లకు చెప్పుకో, ఆదివారం పెట్టమని."

"కోపం చేసుకోవద్దు. ఇంగోతూరి వస్తాదిలే."

"ఇంగోతూరి! ఆరేండ్లయిందప్పా నేనీడ ఒకరి పొయ్యికాడ నిలబడి. నువ్వేమీ చెయ్యొద్దు. గమ్మునుండు, అదే చాలు. శనివారం నాకు ఫోన్ మాత్రం చెయ్యొద్దు. కాల్ వచ్చిందంటే హరాజు స్క్రీన్ పోతాది."

గమ్మునుండమంటే ఉండొచ్చు కదా! ఆరేళ్లు గమ్మునున్న మనిషికి సరిగ్గా అప్పుడే పని చేయాలనిపించింది.

అతను చేసింది నాకు తర్వాత తెలిసింది గానీ, కథ అర్థం కావాలంటే ఇక్కడే చెప్పాలి. శనివారం ఇనుముకు మా వైపు ఒక అడ్డదారి ఉంది. కొనక తప్పనప్పుడు వేరేవాళ్ల పేరున కొనిపించి, ఆదివారం నాడు తమ పేరుకు మార్చుకుంటారు. అయితే ఆ కొనేవాడు శనికి భయపడనక్కరలేని మనిషై ఉండాలి. హనుమంతరాయ అక్క మొగుడు కాటప్పకు ఏలినాటి శని పోయిన ఏడాదే వదిలింది. ఏడున్నరేళ్లలో గొర్రెలు చచ్చి, కాలు విరిగి, కోర్టుకు తిరిగి, అన్నీ అయి బయటపడ్డాడు. శనిమహాత్ముడు మళ్లీ ఆయన గడప తొక్కాలంటే ఇరవై రెండేళ్లు పడుతుంది. ఇంతకంటే యోగ్యుడు తాలూకాలో ఎవరు దొరుకుతారు? శుక్రవారం హనుమంతరాయ ఆయన దగ్గరికి వెళ్లాడు.

"నా పేరేమి అరిగిపోతాదా? ఎక్కియ్యి," అన్నాడు కాటప్ప. "ఎంతదాకా పాడల్ల?"

"ఎంతైనా కానీ, వదలొద్దు బావా. దుడ్లు రామాంజి కాడ ఉండాయి," అన్నాడు ఈ మహానుభావుడు. నాలుగు ఇరవై అన్న మాట నోటికి రాలేదు. పెళ్లాం ఎంత లెక్కవేసుకుందో అడిగి ఉంటే కదా! శనివారం పొద్దున ఆమెకు ఒక వాయిస్ మెసేజ్ పెట్టేస్తే సరిపోతుందనుకున్నాడు. ఫోన్ చేయొద్దని కదా ఆమె అన్నది, మెసేజ్ వద్దనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కాటప్ప నా అంగడికి వచ్చాడు. "పాపా, ఆ కంపెనీ ట్రాక్టరు హరాజుకు నా పేరు ఎక్కియ్యి."

నాకు ఒళ్లు మండింది. బావమరిది పెళ్లాం పరాయి దేశంలో పొయ్యి దగ్గర కాలుతూ కూడబెట్టుకుంటే, ఈయన పోటీకి వస్తాడా? నోటిదాకా వచ్చింది. కానీ నా అంగడి గోడ మీద నేనే రాసిపెట్టుకున్న మాట ఒకటుంది: ఒకరి కాగితం సంగతి ఇంకొకరికి చెప్పబడదు. రెండేళ్ల కిందట ఒక అన్న గుత్త డబ్బు సంగతి తమ్ముడి ముందు నోరు జారాను. ఇద్దరూ నా గుమ్మంలోనే చొక్కాలు చించుకున్నారు. అప్పటి నుంచి ఆ మాట గోడ మీద ఉంది, నేను దానికి కట్టుబడి ఉన్నాను. ఎంత గొప్ప! "ఎవరికోసం మామా?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. వేయలేదు. వేలిముద్ర తీసుకుని, ఓటీపీ కొట్టి, ఆయన తెచ్చిన అడ్వాన్సు కట్టి, పేరు ఎక్కించి, యాభై రూపాయలు తీసుకున్నాను.

శనివారం పొద్దున పదకొండున్నరకే కాటప్ప ఉతికిన పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయనకు కంప్యూటరు చేతకాదు. ఆయన చెప్పాలి, నేను నొక్కాలి. హనుమంతరాయ రాలేదు. ఇనుము బేరం జరిగేచోట తను ఉండకూడదని పావగడ గుడికి వెళ్లి, నువ్వుల నూనె దీపం పెట్టి, ఫోన్ ఆపేసి కూర్చున్నాడట, వేలం మంచిగా జరగాలని.

పన్నెండుకు మొదలైంది. రెండు లక్షల నుంచి, కనీసం ఐదు వేల చొప్పున. తెర మీద ఐదు నంబర్లు. అవి అప్పటికప్పుడు ఇచ్చేవి, ఎవరిది వాళ్లకే తెలుస్తుంది. కాటప్పది తొమ్మిది. రెండున్నర లక్షలు దాటేసరికి ఇద్దరు తప్పుకున్నారు. మిగిలినవి నాలుగు, ఏడు, తొమ్మిది.

"వీళ్లలో కేశవమూర్తి ఉంటాడు చూడు," అన్నాడు కాటప్ప. కేశవమూర్తి పావగడలో నీళ్ల ట్యాంకర్లు తిప్పే కాంట్రాక్టరు. ఎక్కడ ట్యాంకరు వేలమైనా ఆయన ఉంటాడు. మూడు లక్షల పది వేలకు నాలుగో నంబరు ఆగిపోయింది. ఏడు ఆగలేదు.

"పోయినోడు ఎవడో చిల్లరోడు. ఆ ఏడే కేశవమూర్తి. వానికి మాత్రం పోనీయకూడదు. కొట్టు పాపా."

నాకు మాత్రం ఏడో నంబరు రామాంజి అని అనుమానం. "మామా, అవతల ఎవరైనా కావాల్సినవాళ్లు ఉంటే?" అని అడిగాను. గోడ మీద మాటను తప్పకుండా అంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు.

"హరాజులో కావాల్సినోళ్లు యాడుంటారు? కొట్టు, కొట్టు."

ఆ పూట మస్కట్‌లో మేడం ఇంటికి చుట్టాలు. రామాంజి ఒక పొయ్యి మీద మాంసం, ఇంకో పొయ్యి మీద అన్నం పెట్టి, చక్కెర డబ్బాకు ఫోన్ ఆనించి చూస్తోంది. పొద్దున మొగుడి వాయిస్ మెసేజ్ వచ్చింది, నాలుగు నిమిషాలది. శనివారం శనివారం అని మళ్లీ అదే ఏడుపు అయ్యుంటుందని తెరవలేదు. నాలుగో నంబరు పోయాక ఆమె కూడా కాటప్పలాగే అనుకుంది: మిగిలిన తొమ్మిదే కేశవమూర్తి అని. ఆయన మాత్రం మూడు పదికే ఆగి, హాయిగా భోజనానికి వెళ్లిపోయాడు. ఇక్కడ ఒకరు, అక్కడ ఒకరు, ఆ లేని మనిషితో పోట్లాడుతున్నారు.

ఒంటిగంటకు అయిపోవాల్సిన వేలం అది. కానీ చివరి నిమిషంలో ఎవరు పాడినా ఇంకో మూడు నిమిషాలు పొడిగిస్తుంది. ఎవడు కనిపెట్టాడో గానీ వాడి తెలివి తగలెయ్య! మూడోసారి అనేదే లేదు, పళ్లెం మోగేదే లేదు. నాలుగు లక్షలు. నాలుగు పది. నాలుగు ఇరవై పాడింది ఏడు. ఇక ఆగుతుందనుకున్నాను. కాటప్ప కొట్టమన్నాడు, నాలుగు ఇరవై ఐదు కొట్టాను. తెర వైపే చూస్తున్నాను. ఏడు, నాలుగు ముప్పై.

అప్పుడు నాకు ఎంత తేలికైందో! ఇది రామాంజి కాదు. అరచేతిలో రాసుకున్న అంకె దాటే మనిషి కాదు ఆమె. ఆరేళ్లలో ఒక్కసారి కూడా దాటలేదు. ఆమె ఎప్పుడో తప్పుకుని ఉంటుంది, పాపం, ఇది కేశవమూర్తే. ఆ తర్వాత నేను వెనకాడలేదు. కాటప్ప చెప్పకముందే నొక్కిన పాటలు కూడా ఉన్నాయి.

ఆమె ఎందుకు దాటిందో తర్వాత చెప్పింది. "చెయ్యి చూసుకున్నానే వినుతా. చెమటకు అంకె అలికిపోయి ఉండాది. అయినా తెలుసు కదా నాకు. ఆ దరిద్రుడు నన్ను ఇంటికి రానీకుండా అడ్డం నిలబడినట్ల అనిపించింది. మేడం కాడ జీతం ముందే అడుక్కుందామనుకున్నా. కోపంతో నొక్కినా, ఒట్టి కోపంతో."

నాలుగు యాభై దగ్గర కాటప్ప కూడా ఒకసారి ఆగి, జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో చేశాడు. స్విచ్ ఆఫ్. "ఎంతైనా వదలొద్దన్నాడు కదా," అని తనలో తను గొణుక్కున్నాడు. ఆ 'అన్నాడు' ఎవరని కూడా నేను అడగలేదు.

ఐదు లక్షల యాభై ఐదు వేలు ఏడో నంబరుది. మేము ఐదు అరవై కొట్టాం. మూడు నిమిషాలు మొదలయ్యాయి. అక్కడ అడుగంటిన వాసన వచ్చి మేడం వంటింట్లోకి వచ్చింది. రామాంజి ఫోన్ కొంగు కింద పెట్టి అన్నం దించి, మాడింది తీసేసి, మాటలు పడి, మళ్లీ ఫోన్ తీసేసరికి తెర మీద ఎర్ర అక్షరాలు. ఇక్కడ మా తెర మీద పచ్చ అక్షరాలు.

"గెలిచినాం!" అని కాటప్ప బల్ల మీద చరిచాడు. "హనుమంతరాయనికి చెప్పల్ల, ఆ ఫోన్ ఆన్ చేసుకోని చస్తే కదా!"

"ఆయనకెందుకు మామా?"

"ఆయప్ప బండే కదా పాపా! ఈ పొద్దు శనివారమని నా పేరుతో పాడించినాడు. రేపు ఆయప్ప పేరుకు రాసిచ్చేస్తా."

ఏడో నంబరు ఎవరో అప్పుడు తెలిసింది. సిగ్గు, కోపం, ఏడుపు, అన్నీ ఒకేసారి వచ్చాయి. అంతలోనే నా ఫోన్ మోగింది. రామాంజి.

"పాయనే వినుతా. కేశవమూర్తి కొట్టుకోని పాయ. ఐదు అరవైకి! ఎవరన్నా పెడతారా దానికి అంత దుడ్లు?"

"మీ ఆయప్ప నీకు పొద్దున ఏమన్నా మెసేజ్ పెట్టినాడా?"

"ఒకటి పెట్టినాడు. నేను విన్లేదు. ఎందుకు?"

"విను," అన్నాను. నేనే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఆమె స్పీకరులో పెట్టింది. నాకూ వినిపించింది, కాటప్పకూ వినిపించింది. మూడున్నర నిమిషాలు శని గురించి, వాళ్ల తాత శనివారం కొన్న గడ్డపార గురించి, అది పడి బొటనవేలు పోవడం గురించి. చివర్లో: "అందుకని కాటప్ప బావ పేరుతో పాడిస్తాండా. నువ్వు హరాజు ముట్టుకోవద్దు రామాంజీ. తిన్నగా అన్నం తిని పడుకో. సాయంత్రానికి మన బండి మనకొస్తాది."

కాటప్ప తల వంచుకుని పంచె అంచు చూసుకుంటున్నాడు.

"అయితే నాతో నేనే పాడినానా?" అంది చివరికి. "నా దుడ్లకు నేనే పోటీనా?"

ఆ తర్వాత ఏమేమి చేయాలో అన్నీ చేశాం. ఐదు అరవైకి పన్ను కలిపితే ఆరున్నర లక్షలు దాటింది, వారంలో కట్టాలి. ఎక్కడి నుంచి తేవాలి, ఎందుకు తేవాలి? కాటప్పా నేనూ కంపెనీ ఆఫీసుకు వెళ్లి, ఇక్కడ ఆఫీసుల్లో నడిచేది కన్నడే కాబట్టి, జరిగింది కన్నడలో చెప్పాం. అక్కడున్నాయన ఓపికగా విని, "రాహుకాలమని ఆగినవాళ్లను చూశాను గానీ ఇది కొత్త," అన్నాడు. నియమం నియమమే. కట్టకపోతే కాటప్ప అడ్వాన్సు పోతుంది. రెండో పాట పాడినవాళ్లకు వాళ్ల పాట ధరకే ఇస్తారు. ఆ మెయిల్ రామాంజికి వచ్చింది: అభినందనలు, ఐదు లక్షల యాభై ఐదు వేలకు మీరు కొనవచ్చు. ఆమె కొననని జవాబిచ్చి, దాన్ని నాకు పంపింది.

సోమవారం కేశవమూర్తి నా అంగడికే వచ్చాడు, ప్యానెళ్లు కడిగే పనికి అర్జీ జెరాక్సు కోసం. "ఆ ట్రాక్టరు నువ్వెందుకు వదిలినావన్నా?" అని అడిగాను.

"మూడు పది కంటే ఎక్కువ చెయ్యదమ్మా అది. ఎవరో ఇద్దరు పిచ్చోళ్లు కొట్టుకున్నారంట కదా!"

జెరాక్సు తీసి చేతికిచ్చాను. నాలుగు రూపాయలు తీసుకున్నాను. మూడు లక్షల పదిహేను వేలకు రామాంజి ఇంటికి వచ్చేసేది, మేమందరం కలిసి ఆమెకు అంత సాయం చేయకుండా ఉంటే.

హనుమంతరాయ రెండు రోజులు అంగడి వైపు రాలేదు. మూడో రోజు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. "నేను మంచికే చేసినా వినుతమ్మా. ఆయమ్మ మీద శని పడకూడదని చేసినా," అన్నాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయి. నాకు జాలి కలగలేదని చెప్పను, కలిగింది. అంతలోనే, "ఇంగోతూరి హరాజు ఎప్పుడు పెడతారో?" అన్నాడు. ఉన్న జాలి కూడా పోయింది. "లేచి పోప్పా ముందు," అని కసిరాను. ఆ మాట అనడానికి నాకేం హక్కుందో నాకు తెలియదు. అతను నాలుగు నిమిషాలైనా మాట్లాడాడు. నేను అసలు నోరే తెరవలేదు.

నెలాఖరున రామాంజి సంతకం పెట్టింది, రెండేళ్లకు. ధనుశ్రీకి తనే ఫోన్ చేసి చెప్పుకుంది. ఆ పిల్ల ఏడవలేదట, "సరేలేమ్మా" అందట. అదే రామాంజిని ఎక్కువ ఏడిపించింది. నలభై రోజులకు కంపెనీ ఆ ట్రాక్టరును మళ్లీ వేలం వేసింది. అప్పటికి సంతకం అయిపోయింది, కడిగే పని కేశవమూర్తికి వెళ్లిపోయింది. బండి కూడా ఆయనకే వెళ్లింది, రెండు లక్షల తొంభై వేలకు. ఆ వేలం బుధవారం జరిగింది.

గోడ మీద నా మాట ఇంకా అలాగే ఉంది. చెరిపేద్దామని రెండుసార్లు తడిగుడ్డ తీసుకున్నాను. చెరిపితే రేపు ఇంకెవరో చొక్కాలు చించుకుంటారు. ఉంచితే దాన్ని చూసినప్పుడల్లా నాకు తొమ్మిదో నంబరు గుర్తొస్తుంది. దాని ముందు క్యాలెండరు తగిలించాను.

మొన్న రామాంజి ఫోన్ చేసింది. కూజాలు కొనడం మానేసిందేమో అనుకున్నాను. మానలేదు. చింతపండు అయిపోయింది, పంపించమంది. మాటల్లో మాటగా, "ఆ ఎర్ర సూట్‌కేసు హరాజుకు పెట్టేసినానే," అంది.

"అదెందుకు అమ్ముతావే? రెండేళ్లు ఎంతలో పోతాయి?"

"మంచం కింద అడ్డం ఉండాది. ఊడ్చేటప్పుడల్లా కాలికి తగుల్తాది," అంది. తర్వాత, "హరాజు ఏ పొద్దు ముగించల్ల అని ఫోన్ అడిగింది. శనివారం పెట్టినా," అంది.

ఆ గొంతులో కోపమో, నవ్వో నాకు తెలియలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, "దాంట్లో ఇనుము లేదు కదే," అన్నాను.

"ఎందుకు లేదు," అంది రామాంజి. "చక్రాల కాడ ఉండాది."